దూరవిద్యలో మూడున్నరేళ్లు: ప్రాస్పెక్టస్ చివరి పేజీల్లోనే ఉంది అసలు కోర్సు

డిస్టెన్స్‌లో ఎం.కాం. పూర్తి చేశాను. రెండేళ్ల కోర్సు, నాకు మూడున్నరేళ్లు పట్టింది. 2021లో చేరి, 2024 డిసెంబరులో ఆఖరి పేపరు రాసి, 2025లో పట్టా తీసుకున్నాను. ఏ యూనివర్సిటీ అన్నది రాయడం లేదు, ఎందుకంటే నేను పడ్డ ఇబ్బందులు ఒక్క చోటివి కావు, పరీక్షల దగ్గర పరిచయమైన వేరే యూనివర్సిటీల వాళ్లూ దాదాపు ఇవే చెప్పారు. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు చూస్తాను. మా ఆవిడది కుట్టు పని, ఇద్దరు పిల్లలు. ఉద్యోగం మానేసి కాలేజీకి వెళ్లే పరిస్థితి లేదు కాబట్టే ఈ దారి పట్టాను. నాలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉంటారని తెలుసు, వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మొదట ఒక అపోహ. "డిస్టెన్సే కదా, పరీక్షకి ముందు వారం రోజులు చదివితే చాలు" అని చేరేటప్పుడు నాకు చెప్పనివాళ్లు లేరు. మన దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు ఒకటి అంటే 120 గంటలు. ఒక సెమిస్టర్‌లో అలాంటివి నాలుగు ఉంటే 480 గంటలు, ఆర్నెల్లకి పంచితే రోజుకి రెండున్నర గంటల పైనే. చదవడం, అసైన్‌మెంట్లు రాయడం, క్లాసులు వినడం అన్నీ ఇందులోనే. ఈ లెక్క నేను చేరిన ఐదో నెలలో వేసుకున్నాను, అప్పటికి ఆలస్యమైపోయింది, మొదటి సెమిస్టర్‌లో నాలుగిట్లో రెండే రాయగలిగాను. చేరేముందే ఎవరైనా ఈ లెక్క చెప్పి ఉంటే తెల్లవారుజామున లేవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకునేవాణ్ని.

ఇన్నేళ్లు వాడాక నాకు అర్థమైంది ఏంటంటే, దూరవిద్య కాలం విషయంలో చాలా ఉదారంగా ఉంటుంది, తేదీల విషయంలో మాత్రం అసలు దయ చూపించదు. రెండేళ్ల కోర్సుకి మాకు నాలుగేళ్ల గడువు ఇచ్చారు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. ఈసారి కుదరకపోతే వచ్చేసారి రాసుకోవచ్చు, ఎవరూ ఎందుకు రాయలేదని అడగరు. కానీ పరీక్ష ఫారం నింపే ఆఖరి తేదీ, ఆ తర్వాత ఇచ్చే లేట్ ఫీజు గడువు రెండూ దాటి ఒక్క రోజు అయినా ఇక ఆర్నెల్లు ఆగాల్సిందే. నాకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజను, యార్డు నిండా టిక్కీలే (మిర్చి బస్తాలు), రాత్రి పది దాకా తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీలు, రాసే పని ఉంటుంది. జూన్ పరీక్షకి అసైన్‌మెంట్లు ఇవ్వాల్సిన గడువు సరిగ్గా ఆ రోజుల్లోనే పడేది. మొదటి ఏడాది అక్కడే దెబ్బతిన్నాను. తర్వాత ప్రశ్నలు వెబ్‌సైట్‌లో పెట్టగానే దించుకుని, సంక్రాంతి లోపల రాసేసి బీరువాలో పెట్టేవాణ్ని. మే నెలలో యార్డుకి వేసవి సెలవులిస్తే ఆ రోజులన్నీ చదువుకే వాడుకున్నాను. మీ పనికి కూడా ఒక సీజను ఉంటుంది, యూనివర్సిటీ క్యాలెండరునీ మీ పని క్యాలెండరునీ పక్కపక్కన పెట్టుకుని చూసుకోకుండా మాత్రం ఫీజు కట్టొద్దు.

రీ-రిజిస్ట్రేషన్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, నా కళ్ల ముందు ఎక్కువమంది చదువు ఆగిపోయింది దీని దగ్గరే. మొదటి ఏడాది పరీక్షలు రాస్తే రెండో ఏడాదికి వాళ్లే తీసుకెళ్తారని అనుకుంటారు, కాలేజీ అలవాటు అది. మా దగ్గర అలా కాదు. మీరు పరీక్ష రాసినా రాయకపోయినా, ఫలితాలు వచ్చినా రాకపోయినా, గడువులోపు మీ అంతట మీరే తర్వాతి సెమిస్టర్‌కో ఏడాదికో ఫీజు కట్టి నమోదు చేసుకోవాలి. నాతో చేరిన ఒక కుర్ర కానిస్టేబుల్ ఫలితాల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. "అన్నా, రిజల్ట్ రాకుండా ఎలా కడతాం?" అన్నాడు. రిజల్ట్ వచ్చేసరికి గడువు అయిపోయింది. బాగా చదివే మనిషి, ఆ ఏడాది పోయింది, ఆ తర్వాత మళ్లీ పుస్తకం ముట్టుకోలేదు. ఈ ఒక్క నియమాన్ని పెద్దక్షరాల్లో మొదటి పేజీలో వేయాల్సింది. ప్రాస్పెక్టస్‌లో ఎక్కడో వెనక, ఫీజుల పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మెసేజ్ వస్తుందిలే అనుకోకండి, నాకు ఒకసారి వచ్చింది, రెండుసార్లు రాలేదు.

అసైన్‌మెంట్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మార్కుల్లో 30 శాతం వీటికి, 70 శాతం పరీక్షకి. రెండిట్లోనూ విడివిడిగా పాస్ కావాలి, పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా అసైన్‌మెంట్ ఇవ్వకపోతే ఆ సబ్జెక్టు పూర్తి కానట్టే. చేత్తోనే రాయాలి, టైపు చేస్తే తీసుకోరు. ఈ నియమం మీద అందరూ విసుక్కుంటారు, నేనూ విసుక్కున్నాను, పన్నెండేళ్లుగా కంప్యూటర్ మీద పని చేసేవాడికి ఇరవై పేజీలు చేత్తో రాయమంటే వేళ్లు లాగేస్తాయి. కానీ ఇప్పుడు అడిగితే ఈ కోర్సులో నాకు అన్నిటికంటే మేలు చేసిన నియమం అదే అంటాను. కాస్ట్ అకౌంటింగ్‌లో ప్రామాణిక వ్యయం లెక్కలు పుస్తకంలో నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కలేదు, అసైన్‌మెంట్ కోసం చేత్తో వేస్తుంటే మూడో లెక్క దగ్గర దారి కనపడింది. పరీక్ష మూడు గంటలు పెన్నుతోనే రాయాలి కదా, ఆ చేతి అలవాటు కూడా దీనివల్లే వచ్చింది.

జిరాక్స్ షాపుల్లో "సాల్వ్‌డ్ అసైన్‌మెంట్లు" అమ్ముతారు, ఇంటికి తెచ్చి కాపీ చేయడమే. దయచేసి ఆ పని చేయకండి. ఇద్దరు ముగ్గురి జవాబులు ఒకేలా ఉంటే దిద్దేవాళ్లకి తెలియకుండా ఉండదు, మా బ్యాచ్‌లో కొందరివి వెనక్కి వచ్చాయి. దానికంటే పెద్ద నష్టం ఇంకోటుంది. డబ్బు కట్టి, నిద్ర మానుకుని చేరాం, రాసేది కూడా ఎవరిదో అయితే ఆ పట్టాలో మనది ఏముంది? అలాగే ప్రశ్నలు ప్రతి సెషన్‌కీ మారతాయి. మొదటి ఏడాది తొందరలో పాత సెషన్ ప్రశ్నలు దించుకుని రెండు సబ్జెక్టులకి రాసేశాను, అవి చెల్లలేదు, పది రాత్రుల కష్టం వృథా అయ్యింది. పైన ఉన్న సెషన్ పేరు, సబ్జెక్ట్ కోడ్ చూశాకే పెన్ను పట్టుకోండి.

ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోవాలి. నా రెండో సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టుల మార్కులు పడ్డాయి, నాలుగోది ఎనిమిది నెలలైనా ఆన్‌లైన్‌లో ఎక్కలేదు. ఆఫీసుకి వెళ్తే "ఇచ్చినట్టు రుజువుందా?" అన్నారు. సంతకం, ముద్ర వేసిన రసీదు ఉంది, దాని ఫొటో కూడా ఫోన్‌లో ఉంది. అయినా మూడుసార్లు తిరిగాను, ఒక్కో తిరుగుడుకీ ఒక రోజు కూలి పోయింది. ఆ కాగితం లేకపోతే మళ్లీ రాయాల్సి వచ్చేది. అప్పుడు నాతో పాటు తిరిగిన ఒక అంగన్‌వాడీ టీచరు అక్క దగ్గర రసీదు లేదు, మళ్లీ రాసింది పాపం. విద్యార్థికి ఇన్ని గడువులు పెట్టిన చోట మార్కులు ఎక్కించడానికీ ఒక గడువు ఉండాలి, అది తప్పితే జవాబు చెప్పే మనిషి ఒకరుండాలి. నాకు ఈ వ్యవస్థ మీద కోపం వచ్చింది ఈ ఒక్కచోటే.

ఇక పేరు. మన తెలుగువాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది, డిగ్రీ మార్కుల జాబితాలో ఇంటిపేరు వెనక్కి వెళ్లిపోతుంది. ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని అడిగితే ఏది ఎక్కడ నింపాలో తెలియక ఎవరికి తోచినట్టు వాళ్లు నింపుతారు. ఒకసారి నింపాక అదే హాల్ టికెట్ మీదా, గ్రేడ్ కార్డు మీదా, పట్టా మీదా వస్తుంది. పదో తరగతి మెమోలో ఉన్నట్టే నింపండి, ఆధార్‌లో తేడా ఉంటే చేరకముందే సరిచేయించుకోండి. ఇప్పుడు ఇది ఇంకా ముఖ్యం. 2024 సెప్టెంబరు నుంచి ఓపెన్, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరేవాళ్లు యూజీసీ (యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ) వాళ్ల డెబ్ ఐడీ, అంటే దూరవిద్య విద్యార్థి గుర్తింపు నంబరు తీసుకోవాలి, దానికి ముందు ఏబీసీ ఐడీ, అంటే మన క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు ఉండాలి. నేను చేరినప్పుడు ఇవి లేవు. మా మేనల్లుణ్ని బీకాంలో చేర్పించేటప్పుడు ఈ పేరు తేడా వల్లే వారం రోజులు టెన్షన్ పడ్డాం.

ఆదివారం కాంటాక్ట్ క్లాసులు థియరీ సబ్జెక్టులకి తప్పనిసరి కాదు. ల్యాబ్ ఉన్న కోర్సులకైతే తప్పనిసరి, సైన్సు వాళ్లు గుర్తుపెట్టుకోవాలి. తప్పనిసరి కాదు కదా అని ఎవరూ రారు. మా క్లాసుకి అరవై మందిలో ఆరుగురం వచ్చేవాళ్లం. ఆ సార్ ఆరుగురికీ అరవై మందికి చెప్పినంత శ్రద్ధగా చెప్పేవారు. "బాబూ, మీరు వచ్చారు కాబట్టి నాకూ పని ఉంది" అనేవారు. పరిశోధనా పద్ధతుల పేపరు నేను ఆయన వల్లే పాసయ్యాను. పరీక్ష హాలు సంగతికి వస్తే హాల్ టికెట్, యూనివర్సిటీ గుర్తింపు కార్డు రెండూ ఉండాలి, ఆలస్యంగా వస్తే రానివ్వరు, అంతా మామూలు పరీక్షల్లాగే.

చేరకముందు చూడాల్సింది గుర్తింపు. మా ఊళ్లో గోడల మీద "సింగిల్ సిట్టింగ్ డిగ్రీ" అని రాసుంటుంది. మూడేళ్ల డిగ్రీని ఒక్క ఏడాదిలో ఇవ్వడం ఎక్కడా లేదు, ఎవరు చెప్పినా నమ్మొద్దు. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకి, ఏ ఏడాదికి అనుమతి ఉందో ఉంటుంది. యూనివర్సిటీకి పేరున్నా సరిపోదు, మీ కోర్సు పేరు అందులో ఉండాలి. ఇంజినీరింగ్, వైద్యం, న్యాయం లాంటివి దూరవిద్యలో ఉండవు. 2017లో సుప్రీంకోర్టు కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద తీర్పు ఇచ్చాక ఎంతమంది ఉద్యోగాలు ఇరకాటంలో పడ్డాయో చూశాం. అనుమతి ఉన్న చోట చదివితే మాత్రం ఆ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికీ ఒప్పుకుంది, అయితే పరీక్షల తేదీలు ఒకదానిమీద ఒకటి పడితే చూసుకోవాల్సింది మనమే.

"ఓపెన్‌లో చేశావా?" అని ఒకలాంటి గొంతుతో అడిగేవాళ్లకి ఒక మాట చెప్పాలనిపిస్తుంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే పెట్టారు, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్నది అదే. దాని మొదటి ఉపకులపతి జి. రామ్‌రెడ్డి గారే మూడేళ్ల తర్వాత కేంద్రం పెట్టిన ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోకి కూడా మొదటి ఉపకులపతి అయ్యారు. చదువుకునే వయసులో చదువుకోలేకపోయిన వాళ్ల కోసం మనవాళ్లు వేసిన దారి ఇది. దాని మీద నడిచినందుకు తలవంచుకోవాల్సిన పని నాకు కనపడలేదు.

రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగు ఇస్తాను. పుస్తకాలకి పూర్తి మార్కులు, ఒంటరిగా కూర్చుని చదివేవాడికి పక్కన మనిషి ఉండి చెప్పినట్టు రాశారు. పోయిన ఆ ఒక్కటీ మార్కులు ఎక్కించడంలో ఆలస్యానికి. ఎవరో ఒకరు వెంటపడితే తప్ప చదవలేని వాళ్లకి, పద్దెనిమిదేళ్ల పిల్లలకి, కాలేజీకి వెళ్లే వీలుంటే కాలేజీనే మంచిదంటాను. సంసారం, ఉద్యోగం ఉండి తేదీలు రాసిపెట్టుకునే అలవాటున్న వాళ్లు ధైర్యంగా చేరొచ్చు.

నా పుస్తకాలన్నీ అట్టలు వేసి జాగ్రత్తగా ఉంచాను. గుంటూరు చుట్టుపక్కల ఎం.కాం. చేరేవాళ్లు ఎవరైనా అడిగితే ఊరికే ఇస్తాను. అసైన్‌మెంట్ల కాగితాలు మాత్రం అడగొద్దు, అవి ఎవరికీ ఇవ్వను.