సెయింట్ జాన్‌లో ఐదు రోజులు, స్టాంపింగ్ టెన్షన్ లేకుండా

మేం ఉండేది అమెరికాలో. నాదీ, మా ఆవిడదీ పాస్‌పోర్టుల్లో వీసా స్టాంపు గడువు ఎప్పుడో అయిపోయింది. ఐ-797 (ఇక్కడే ఉండి పనిచెయ్యొచ్చనే ఆమోద పత్రం) చేతిలో ఉంది కాబట్టి ఉద్యోగానికి ఢోకా లేదు. కానీ దేశం దాటామంటే సాధారణంగా తిరిగి రావడానికి మళ్ళీ స్టాంపింగ్ (బయటి కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద వీసా వేయించుకోవడం), దానికి అపాయింట్‌మెంట్ స్లాట్లు, ఆ గోలంతా. అందుకే కరేబియన్ వెళ్దామనుకోగానే జమైకా, అరూబా, బహామాస్ అన్నీ లిస్టులోంచి ఎగిరిపోయాయి. ప్యూర్టో రికో అంతకుముందే చూసేశాం. ఇక మిగిలినవి అమెరికన్ వర్జిన్ ఐలాండ్స్. 1917లో డెన్మార్క్‌కి రెండున్నర కోట్ల డాలర్ల విలువైన బంగారం ఇచ్చి అమెరికా కొనుక్కున్న దీవులివి.

మొదట నేను వేసిన ప్లాన్‌లో మూడు దీవులూ ఉన్నాయి: సెయింట్ థామస్‌లో రెండు రాత్రులు, సెయింట్ క్రాయ్‌లో రెండు, సెయింట్ జాన్‌లో ఒకటి. ఎక్సెల్ షీటు చూసి మా ఆవిడ "ఇది సెలవా, రిలీజ్ ప్లానా?" అంది. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ కూడా మాతో ఉంది, ఆమెకి మోకాళ్ళ నొప్పులు. సెయింట్ జాన్ ఒక్కటే ఉంచి మిగతావి కొట్టేశాం. ఈ ట్రిప్పులో మేం చేసిన మంచి పని అదే.

సెయింట్ జాన్‌కి ఎయిర్‌పోర్టు లేదు. సెయింట్ థామస్‌లో దిగి, టాక్సీలో రెడ్ హుక్ రేవుకి వెళ్ళి, అక్కడ ఫెర్రీ ఎక్కితే ఇరవై నిమిషాల్లో సెయింట్ జాన్‌లోని క్రూజ్ బే ఊరు. టాక్సీకి మీటరు ఉండదు, తలకింత అని ప్రభుత్వం కట్టిన రేటు, సామానుకి వేరే. మనుషులు నిండేదాకా బండి కదలదు, అచ్చం మన షేర్ ఆటో. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అక్కడ ఎవరినైనా ఏదైనా అడిగే ముందు 'గుడ్ మార్నింగ్' అనో 'గుడ్ ఆఫ్టర్‌నూన్' అనో పలకరించాలి. నేను నేరుగా "రెడ్ హుక్ ఎంత?" అని అడిగితే డ్రైవర్ నా వంక చూసి, నింపాదిగా "గుడ్ ఆఫ్టర్‌నూన్" అని ఊరుకున్నాడు. అమ్మ నవ్వింది.

రిసార్టా, ఇల్లా అని చాలా తర్జనభర్జన పడ్డాం. చివరికి క్రూజ్ బే పైన కొండమీద వంటగది ఉన్న రెండు గదుల ఇల్లు తీసుకున్నాం. అమ్మ శాకాహారి. బయట రోటీలు, బీన్స్-రైస్ దొరికినా రోజూ అవే తినలేం. సరుకులన్నీ ఓడలో రావాలి కాబట్టి ధరలు మండిపోతాయి. బియ్యం, కందిపప్పు, చిన్న రైస్ కుక్కర్ సూట్‌కేసులో పట్టుకెళ్ళడం కలిసొచ్చింది. ఇంట్లో మాత్రం రెండో రోజే ఏసీ మొరాయించింది, బాగుచేసే మనిషి మర్నాడు సాయంత్రానికి గానీ రాలేదు. దీవిలో నదుల్లేవు. పైకప్పు మీద పడ్డ వాన నీరే ఇంటికింద సంపులోకి చేరుతుంది, అదే వాడుకోవాలి. పది నిమిషాల షవర్ మర్చిపోవాల్సిందే.

కారు తప్పదు. ఇక్కడ మనలాగే రోడ్డుకి ఎడమవైపు నడపాలి, కానీ బండ్లు అమెరికావి కాబట్టి స్టీరింగ్ కూడా ఎడమవైపే. హైదరాబాద్ అలవాటూ పనికిరాదు, అమెరికా అలవాటూ పనికిరాదు. దానికి తోడు ఏటవాలు మలుపులు, మలుపు తిరిగితే రోడ్డు మధ్యలో గాడిదలు. అద్దెకిచ్చినవాళ్ళు గాలి తక్కువున్న టైరుతో జీపు చేతికిచ్చారు, మేం చూసుకోకుండా తీసుకున్నాం. మీరు చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకుని మరీ తీసుకోండి.

దీవిలో సగానికి పైగా నేషనల్ పార్కే. అందరూ చెప్పే ట్రంక్ బే అందమైనదే, నీళ్ళ అడుగున వివరాల పలకలు పెట్టిన స్నార్కెల్ (నోట్లో గొట్టంతో ఊపిరి తీస్తూ కిందికి చూస్తూ ఈదే) దారి కూడా ఉంది. కానీ పదింటికల్లా క్రూజ్ షిప్పుల జనం దిగిపోతారు. ఎనిమిదిన్నరకే వెళ్ళండి, లేదా మూడు దాటాక. నా ఓటు మాత్రం మాహో బేకి. లోతు లేదు, అలలు లేవు, నడుము లోతు నీళ్ళలో నిలబడితే తాబేళ్ళు అడుగున గడ్డి మేస్తూ కనిపిస్తాయి. వాటిని ముట్టుకోకూడదు. ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్ 2020 నుంచి అక్కడ నిషేధం, కొనేముందు డబ్బా వెనక చదవండి.

అమ్మకి నచ్చింది బీచ్ కాదు, ఆనాబెర్గ్. పాత చెరకు ఫ్యాక్టరీ శిథిలాలు. గోడల్లో రాళ్ళ మధ్య పగడపు ముక్కలు కనిపిస్తాయి. ఆవిడది అనకాపల్లి పక్క ఊరు. గాలిమర బురుజు, బానలు వరసగా పెట్టిన పొయ్యి గట్టు చూడగానే ఏది ఎక్కడో బోర్డు చదవకుండానే చెప్పేసింది: ఇక్కడ గానుగ, ఇక్కడ రసం కాగేది, ఇక్కడ మడ్డి తీసేది. తర్వాత ఇదంతా బానిసల చేత చేయించారని చెప్తే కాసేపు మాట్లాడలేదు. "మావాళ్ళు పెనం దగ్గర నిలబడ్డా రాత్రికి కూలి తెచ్చుకునేవారు" అంది. గట్టు మీంచి చూస్తే ఎదురుగా దగ్గర్లోనే టోర్టోలా, బ్రిటిష్ దీవి. అక్కడ 1834లో బానిసత్వం రద్దయితే, డెన్మార్క్ కింద ఉన్న ఈ గట్టున 1848 దాకా సాగింది. ఆ మధ్య కాలంలో కొందరు ఈ సముద్రపు పాయ దాటి పారిపోయారు. అన్నట్టు, టోర్టోలాకి ఫెర్రీలున్నాయి. సరదాకి కూడా ఎక్కకండి, అది వేరే దేశం కిందిది, మన స్టాంపింగ్ కథ మళ్ళీ మొదటికొస్తుంది.

తిరుగు ప్రయాణంలో సెయింట్ థామస్ ఎయిర్‌పోర్టులో, విమానం ఎక్కకముందే, ఇమిగ్రేషన్, కస్టమ్స్ చెకింగ్ ఉంటుంది. చాలామందికి ఇది తెలీదు. పాస్‌పోర్టు, ఐ-797, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) కాపీ చేతి సంచిలో ఉండాలి. మాకు మూడు ప్రశ్నలతో అయిపోయింది గానీ క్యూలో గంట పట్టింది.

మేం వెళ్ళింది ఏప్రిల్ చివర. చలికాలపు రేట్లు దిగుతాయి, జూన్‌లో మొదలయ్యే తుఫాన్ల సీజన్‌కి ఇంకా టైం ఉంటుంది. ఈసారి వెళ్తే ప్రశాంతంగా ఉండే కోరల్ బే వైపు ఇల్లు చూద్దామని నేనంటున్నాను. క్రూజ్ బే నుంచి అంత దూరం ఆ గాడిదల మధ్య ఎవరు నడుపుతారో ముందు తేల్చమంటోంది మా ఆవిడ.