వైజాగ్‌లో మూడేళ్లు డేటింగ్ యాప్ వాడాక

నా వయసు 29. ఇల్లు మల్కాపురం, ఉద్యోగం సిరిపురంలో. మూడేళ్ల కిందట రెండు డేటింగ్ యాప్‌లు వేసుకున్నాను, ఇప్పుడు ఒక్కటే ఉంది. హైదరాబాద్ వాళ్ల సలహాలు చదివే మొదలుపెట్టాను గానీ మన ఊరి లెక్క వేరు.

దూరం 10 కిలోమీటర్లు పెడితే రెండు రోజుల్లో ప్రొఫైళ్లు అయిపోతాయి, అందులో తెలిసినవాళ్లూ తగులుతారు. 40 పెడితే భీమిలి, అనకాపల్లి కూడా కలుస్తాయి. శని, ఆదివారాల్లో కనిపించేవాళ్లలో చాలామంది అరకు చూడ్డానికి వచ్చినవాళ్లే, సోమవారానికి వెళ్లిపోతారు. అందుకే వారాంతంలో నేను కొత్తవాళ్లను చూడను. మూడు నెలలు డబ్బు కట్టి కూడా చూశాను. ఉన్న కొద్దిమందికి అది దండగ.

ఫోటో పక్కన టిక్ ఉంటే మొదట్లో ధైర్యంగా ఉండేది. ఆ టిక్ సెల్ఫీని ప్రొఫైల్ ఫోటోలతో పోల్చి ఇచ్చేది. పేరు, ఉద్యోగం, పెళ్లయిందా లేదా అన్నది దానికి తెలియదు.

అసలు దెబ్బ తగిలింది మొదటి ఏడాదే. టిక్ లేని ప్రొఫైల్ ఒకటి, తెల్ల యూనిఫాం ఫోటో, నేవీ ఆఫీసర్‌నన్నాడు. ఐదు వారాలు రోజూ మాట్లాడాడు. వీడియో కాల్ అడిగితే షిప్‌లో సిగ్నల్ లేదనేవాడు. ఒకరోజు అకౌంట్ ఆగిపోయిందంటే 6,000 పంపాను. రెండు రోజులకు ఇంకో 18,000 అడిగాడు. అప్పుడు అనుమానం వచ్చి, "మీ క్వార్టర్స్ సింధియాకి ఎంత దూరం?" అన్నాను. "సింధియా గ్వాలియర్‌లో కదా" అన్నాడు. ఇక్కడి నేవీ డాక్‌యార్డ్ దగ్గరే ఉన్న సింధియా జంక్షన్, అందులో పనిచేసేవాళ్లెవరికైనా తెలియకుండా ఉంటుందా? చేతులు చల్లబడిపోయాయి. ఫోటోని గూగుల్ లెన్స్‌లో పెడితే వేరే ఎవరిదో అని తేలింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను గానీ అప్పటికే ఆలస్యమైంది, డబ్బు రాలేదు. డబ్బు పంపిన గంటలోనే ఫోన్ చేస్తే బ్యాంకులో ఆపించే వీలుంటుంది. ఈ ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి.

అప్పటినుంచి వారంలోపు ఐదు నిమిషాల వీడియో కాల్ చేయనివాళ్లతో మాట్లాడను. మూడుసార్లు కలిసేదాకా ఫోన్ నంబర్ గానీ, ఆఫీసు పేరు గానీ చెప్పను. మగవాళ్లకు ఇంకో మాట. కాల్‌లో అవతలివాళ్లు బట్టలు తీయడం మొదలుపెడితే వెంటనే కట్ చేయండి. రికార్డ్ చేసి బెదిరిస్తారు. ఒకసారి డబ్బు ఇస్తే మళ్లీ మళ్లీ అడుగుతారు.

మొదటిసారి ఎవరిని కలిసినా ఆర్కే బీచ్‌లో, కురుసుర సబ్‌మెరైన్ దగ్గరే. సాయంత్రం ఐదింటికి పిల్లాపాపలతో కిటకిటలాడుతుంది, ఆటో ఎప్పుడూ దొరుకుతుంది. ఊరికి దూరంగా ఉండే యారాడ, రుషికొండ బీచ్‌లంటే వద్దంటాను. నా బండి మీదే వెళ్తాను. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలకో, గంటకో, 8 గంటలకో పెట్టుకోవచ్చు. నేను 8 గంటలకు పెట్టి నా ఫ్రెండ్‌కి పంపుతాను. ఏడింటికి తను ఫోన్ చేస్తుంది. "అమ్మకి మందులు తెచ్చావా?" అంటే బాగానే ఉన్నావా అని. "తెచ్చాను" అంటే పర్వాలేదు, "మర్చిపోయాను" అంటే నా కోసం తనని వచ్చేయమని.

కిందటేడు అలాగే ఒకతన్ని కలిశాను. మురీ మిక్చర్ తింటుంటే తన ఫోన్ మోగింది. కొంచెం పక్కకు జరిగి, "ఆ అక్కా, వచ్చింది, ఫోటోలో ఉన్న అమ్మాయే" అన్నాడు. మోసపోతానేమోనని తనకీ టెన్షనే, తన అక్కకి చెప్పి వచ్చాడట. నా భయం గురించి తనకి ఒక్క మాట కూడా వివరించాల్సిన పని లేకపోయింది. ఆ రోజు ఏడింటికి మందులు తెచ్చానని చెప్పి ఇంకో గంట ఉన్నాను.

మొన్న దసరాకి ఆ అక్క మా ఇంటికి వచ్చింది. మేమిద్దరం ఎలా కలిశామో మా అమ్మకి తనే చెప్పింది.