ఐలోని జాతరలో కొన్న గొంగడి: ఎనిమిది చలికాలాల తర్వాత

2018 సంక్రాంతికి వరంగల్ దగ్గర ఐలోని (ఐనవోలు) మల్లన్న జాతరలో ఒక నల్ల గొంగడి, అంటే గొర్రె బొచ్చుతో నేసిన కంబళి, కొన్నాను. 2,200 రూపాయలు పెట్టాను. అప్పటి నుంచి మా ఇంట్లో అది ఏదో ఒక పనికి వాడుతూనే ఉన్నాం. ఈ మధ్య తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు "గొంగడి కొనొచ్చా, దురద పెట్టదా?" అని అడిగారు. అందరికీ ఒకే జవాబు చెప్పలేకపోయాను. దేనికి కొంటున్నారన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. అందుకే వాడినవన్నీ వివరంగా రాస్తున్నాను.

ఊలు నాకు చిన్నప్పటి నుంచి అలవాటే. నాన్నది రైల్వే ఉద్యోగం, కాజీపేట క్వార్టర్స్‌లో పెరిగాను. పక్కింటి పంజాబీ ఆంటీ దగ్గర అమ్మ స్వెట్టర్లు అల్లడం నేర్చుకుంది, అమ్మ దగ్గర నేను. సీదా, ఉల్టా అనే కుట్ల పేర్లు మా ఇంట్లోకి అట్లా వచ్చినవే. కానీ ఇన్నేళ్ళు మేం అల్లింది ఎక్కువగా ఊలు కానే కాదు. షాపుల్లో రంగురంగుల ఉండలుగా దొరికేదాంట్లో చాలా వరకు అక్రిలిక్, అంటే ఫ్యాక్టరీలో చేసిన సింథటిక్ దారం. అసలు గొర్రె బొచ్చు దారాన్ని నేను చేతిలోకి తీసుకున్నది నలభై దాటాక, ఐలోనిలో.

ఐలోని అంటే మాకు గొల్ల కురుమల జాతర. కాకతీయుల నాటి గుడి చుట్టూ బోనాలు, పట్నాలు, ఒగ్గు డోలు చప్పుడు, గాలి నిండా బండారి (పసుపు). నేను దర్శనం అయ్యాక బజారులో పడ్డాను. ఒక పెద్దాయన టార్పాలిన్ పరిచి గొంగళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. అల్లేదాన్ని కాబట్టి చెయ్యి ముందు మెత్తదాని మీదికే పోయింది. ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాడు.

"అది మెత్తగుంటది బిడ్డా, అండ్ల మిల్లు దారం కలిసింది. ఇది గరుకుంటది. గరుకుదే తీస్కో."

నమ్మకం కలగలేదని నా ముఖం చూస్తే తెలిసినట్టుంది. రెండిటి అంచు నుంచి చెరో పోగు లాగి అగ్గిపుల్ల గీశాడు. గరుకుదాని పోగు వెంట్రుక కాలిన వాసన వేసింది, మిగిలిన మసి వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోయింది. మెత్తదాని పోగు కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగిలింది. గొంగడి కొనేవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట ఇదే: అడిగి, పోగు కాల్చి చూసి కొనండి. రంగు, బరువు, అమ్మేవాళ్ళ మాట, వీటితో తేల్చుకోవడం కష్టం.

ఆ గరుకు ఎక్కడి నుంచి వస్తుందో తర్వాత తెలుసుకున్నాను. ఇది దక్కనీ గొర్రె బొచ్చు. మన మెట్ట నేలల్లో, ఎండలో మైళ్ళకు మైళ్ళు నడిచే గొర్రె అది. మెరినో లాంటి విదేశీ గొర్రెల బొచ్చు సన్నగా ఉంటుంది కాబట్టి చర్మానికి తగిలితే వంగిపోతుంది. దక్కనీ బొచ్చు ముతక, వంగకుండా గుచ్చుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. బొచ్చు ఏకాక, అంటే చిక్కు తీసి విడదీశాక, ఆడవాళ్ళు వడుకుతారు, మగవాళ్ళు నేస్తారు. పడుగుకు, అంటే నిలువు పోగులకు, చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టి మగ్గానికి ఎక్కిస్తారు. నేను కొన్నదానికి రంగు వేయలేదు, ఆ నలుపు గొర్రెదే. ఎనిమిదేళ్ళలో అక్కడక్కడా కాస్త గోధుమ రంగుకు తిరిగింది తప్ప వెలిసిపోలేదు.

మొదటి మూడు నెలలు మాత్రం ఓపిక కావాలి. కొత్త గొంగడి గంజి వల్ల బిర్రుగా ఉంటుంది, మడత పడదు. గొర్రెల దొడ్డి వాసన వస్తుంది. బొచ్చు రాలుతుంది. గొంగట్లో కూర్చుని తింటూ వెంట్రుకలు ఏరినట్టు అని ఊరికే అనలేదు పెద్దలు. నేను రోజూ పొద్దున ఒక గంట డాబా మీద నీరెండలో ఆరేసి దులిపేదాన్ని. ఉగాది నాటికి వాసన పోయింది. రాలడం తగ్గింది గానీ పూర్తిగా ఆగడానికి రెండేళ్ళు పట్టింది.

చలికి దీనికి సాటి లేదు, ఈ మాట గట్టిగా చెప్తాను. ఒంటికి నేరుగా తగలకుండా కింద ఒక కాటన్ దుప్పటి, దాని మీద గొంగడి కప్పుకుంటాం. అక్రిలిక్ బ్లాంకెట్ కప్పుకుంటే తెల్లవారుజామున లోపల చెమట పట్టి ఒళ్ళు చిత్తడి అయ్యేది. గొంగట్లో ఆ ఇబ్బంది లేదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపలికి పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. మా ఆయన ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, తల నుంచి కాళ్ళ దాకా కప్పుకున్నా ఇంకా కాళ్ళ కింద మడిచి పెట్టుకునేంత ఉంటుంది. బరువు 2 కిలోల పైనే, చిన్నపిల్లలకు అంత బరువు కప్పకండి. కింద పరుచుకోవడానికైతే నాకు వరంగల్ కొత్తవాడ జంపఖానానే (డర్రీ) ఇష్టం. నూలుది, ఉతకడం సులువు. వరంగల్ డర్రీలకు 2018లోనే జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, ఆ సంతోషంలో ఒకటి కొన్నాను. అది కింద, గొంగడి పైన. డిసెంబర్, జనవరి అట్లా గడిచిపోతాయి.

వాన సంగతి మా మామయ్య వల్ల తెలిసింది. వర్ధన్నపేట దగ్గర మాకు కొంచెం పొలం ఉంది. ఒక జూలైలో నాట్లప్పుడు ఆయన గొంగడి ఒక కొసను మడిచి తల మీద టోపీలా వేసుకుని, మిగతాది వీపు మీదుగా వదిలి, ఒడ్డు మీద నిలబడ్డాడు. నేను రెయిన్‌కోటులో ఉన్నాను. గంట వానలో నా బట్టలు లోపల చెమటతో తడిశాయి, ఆయన చొక్కా పొడిగా ఉంది. చినుకులు గొంగడి మీద పూసల్లా నిలిచి జారిపోయాయి. కానీ రెండు గంటలు దాటాక అది నీళ్ళు పట్టడం మొదలైంది, బరువు మోయలేనంత అయింది, ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడు గంజి చాలా వరకు పోయి మెత్తబడింది కాబట్టి మొదట్లో ఆగినంత వాన ఆగడం లేదు. వానకు కావాలనుకునేవాళ్ళు కొత్తది వానకే ఉంచి, పాతదాన్ని పడకకు వాడుకోవడం మంచిది.

ఇక నాకు ప్రాణమైన విషయం, ఈ దారంతో అల్లిక. 2020లో జనగామ వైపు ఒక ఊళ్ళో బొచ్చు వడికే అవ్వ దగ్గర కిలో దారం తెచ్చుకున్నాను. ముందు ఎప్పటిలాగే 8 నంబరు సూదులతో, అంటే 4 మిల్లీమీటర్లవి, మొదలుపెట్టాను. కుట్టు జరగలేదు, రెండు వరసలకు ఒకసారి పోగు తెగింది. 6 నంబరుకు, అంటే 5 మిల్లీమీటర్లకు మారాక చెయ్యి ఆడింది. అయినా ఒక వైపు సీదా, ఒక వైపు ఉల్టా అల్లిన ముక్క చదరంగా రాలేదు, ఒక పక్కకు వాలిపోయింది. అది ఒంటి పోగు కావడం వల్ల. వడికినప్పటి మెలి దాంట్లోనే మిగిలి ఉండి అల్లికను లాగుతుంది. రెండు పోగులు కలిపి ఎదురు దిక్కుకు పురి పెడితే ఆ లాగుడు పోయింది. అంత ఓపిక లేకపోతే అన్ని వరసలూ సీదాగానే అల్లండి, వాలకుండా ఉంటుంది.

మొదట అల్లింది మా బాబుకు టోపీ. పది నిమిషాల్లో నుదురు ఎర్రబడింది, మళ్ళీ పెట్టుకోలేదు. మెడకు, తలకు, చేతులకు తగిలేవి దీంతో అల్లకండి, దారం దండగ. కూర్చునే ఆసనం, కుర్చీ మీద వేసుకునే చదరం, కూరగాయల సంచీ, పొయ్యి మీది గిన్నె దింపే పట్టు, వీటికి ఇంతకంటే మంచి దారం నేను చూడలేదు. 2020లో అల్లిన ఆసనం మీద మా అత్తయ్య రోజూ పూజకు కూర్చుంటుంది, ఇప్పటికీ అణగలేదు. ఇంట్లో వేసుకునే మేజోళ్ళు కూడా అల్లాను, లోపల కాటన్ సాక్స్‌తో బాగుండేవి. ఒకసారి పొరపాటున వాషింగ్ మెషీన్‌లో గోరువెచ్చని నీళ్ళలో పడ్డాయి. బయటికి తీస్తే ఐదేళ్ళ పిల్లలకు సరిపోయేంత అయ్యాయి, కుట్టు కనిపించకుండా అట్ట కట్టాయి. ఉన్ని పోగు మీద పొలుసులుంటాయి, వేడినీళ్ళూ సబ్బూ రాపిడీ కలిస్తే అవి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని మళ్ళీ విడిరావు. చాలా బాధపడ్డాను, పది రోజుల పని అది. చన్నీళ్ళలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడన పరిచి ఆరబెట్టాలి. గొంగడిని అయితే నేను ఎనిమిదేళ్ళలో రెండే సార్లు ఉతికాను.

పురుగు విషయంలో జాగ్రత్త. 2021 ఎండాకాలం దాన్ని దులపకుండా బీరువాలో పెట్టి మూడు నెలలు తీయలేదు. తీసేసరికి రూపాయి బిళ్ళంత రంధ్రాలు మూడు. ఉన్ని తినేది చిన్న రెక్కల పురుగు పిల్ల. చీకటి, కదలిక లేకపోవడం, చెమట మరకలు, ఇవి దానికి ఇష్టం. ఇప్పుడు నెలకోసారి ఎండలో వేసి గట్టిగా దులిపి, ఎండిన వేపాకుతో పాత చీర సంచీలో పెడుతున్నాను. మళ్ళీ పట్టలేదు. రంధ్రాలను అవ్వ దారంతోనే పడుగు పేకలుగా రఫ్ఫు చేశాను, చెయ్యి పెడితే తప్ప తెలియదు.

రెండో కిలో దారానికి పోయినప్పుడు అవ్వ దగ్గర సగమే ఉంది. ఊళ్ళో నల్ల గొర్రెలు తగ్గాయని, ఇప్పుడున్నవి మాంసానికి పెంచే నెల్లూరు రకమని చెప్పింది. వాటికి వెంట్రుకే గానీ వడకడానికి పనికొచ్చే ఉన్ని ఉండదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీలో ఒక్కో లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు వచ్చాయి, వాటిని బయటి రాష్ట్రాల నుంచి తెచ్చారు. మాంసం ధర చూస్తే కాపరులు చేసేది తప్పని నేను అనలేను. కానీ బొచ్చు కత్తిరించే కూలికే బొచ్చు ధర సరిపోవడం లేదని ఆమె చెప్పినప్పుడు నా చేతిలో ఉన్న దారం ఉండను బేరం చేయబుద్ధి కాలేదు. అడిగినంత ఇచ్చాను. మీరు కూడా గొంగడి బేరం ఆడే ముందు దాని వెనక ఎన్ని రోజుల వడుకు ఉందో ఒకసారి అడగండి.

మెత్తదనం కావాలంటే ఇది కొనకండి. చలికి, పొలానికి, ప్రయాణానికి, నేల మీద కూర్చోవడానికి కావాలంటే ఆలోచించకుండా కొనండి. మాది ఇంకా గట్టిగానే ఉంది, ఒక కొసన మాత్రం పోగులు ఊడుతున్నాయి. ఈ సంక్రాంతికి ఐలోని పోయేటప్పుడు వెంట తీసుకుపోతున్నాను. ఆ పెద్దాయన కనిపిస్తే అంచు ఆయన చేతే కట్టించాలి.