జాగ్రత్త: ప్రేక్షకుల కేకలు చూసి దెయ్యాల కొంప సినిమాకు టికెట్టు కొనకండి

తక్కువ ఖర్చుతో తీసిన ఒక దెయ్యాల కొంప సినిమాకు నేను నాలుగు టికెట్లు ముందుగా కొన్నాను. కొనడానికి కారణం ఒకే ఒక్క వీడియో. అందులో సినిమా కన్నా, సినిమా చూస్తూ కేకలు పెడుతున్న ప్రేక్షకులే ఎక్కువగా కనిపిస్తారు. ఆ డబ్బు వృథా అయింది, దానికి తోడు మా తమ్ముడు రెండు రోజులు తలనొప్పితో మంచం దిగలేదు. సినిమా బాగాలేదన్నది నా ఫిర్యాదు కాదు, బాగాలేని సినిమా అప్పుడప్పుడూ అందరికీ తగులుతూనే ఉంటుంది. నేను సాక్ష్యమని నమ్మి డబ్బు పెట్టిన ఆ వీడియో అసలు సాక్ష్యమే కాదన్న సంగతి హాలులో కూర్చున్న తర్వాత గాని నాకు తెలియలేదు. సినిమా పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ఒక్క సినిమాను తప్పించుకున్నంత మాత్రాన ప్రయోజనం లేదు, ఇదే పద్ధతిలో మరో సినిమాను అమ్ముతారు కాబట్టి ఆ పద్ధతినే గుర్తు పట్టాలని నా కోరిక.

ఆ వీడియో నిమిషం కూడా ఉండదు. చీకటి హాలులో, చీకట్లోనూ చూడగలిగే కెమెరాతో తీసిన మసక ఆకుపచ్చ ముఖాలు వరుసగా కనిపిస్తాయి. ఒక అమ్మాయి పక్కనున్న వ్యక్తి భుజంలో ముఖం దాచుకుంటుంది, వెనక వరుసలో ముగ్గురు ఒక్కసారిగా కుర్చీల్లోంచి ఎగిరి పడతారు, ఒకాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి నడుస్తాడు. ఆ తర్వాత థియేటరు బయట మైకు ముందు నిలబడిన నలుగురు, ఈ రాత్రికి నిద్ర పట్టదని, ఒంటరిగా చూడవద్దని చెబుతారు. ఇంటికి తిరిగి వచ్చాక మళ్లీ పెట్టి గడియారం చూసుకుంటే, మొత్తం వీడియోలో సినిమాకు చెందిన దృశ్యాలు తొమ్మిది సెకన్లు మాత్రమే ఉన్నాయి. కొనేముందే ఆ లెక్క చూసుకోవలసింది. అమ్ముతున్న వస్తువును పక్కన పెట్టి, కొన్నవారి ముఖాలను మాత్రమే చూపిస్తున్నారంటే అప్పుడే ఎందుకని అడగాలి.

మేము చూసిన సినిమాలో గంటకు పైగా ఖాళీ వరండాలు, మూసిన తలుపులు, మెట్ల కింది చీకటి మాత్రమే ఉన్నాయి. నిదానంగా నడవడం ఈ తరహా సినిమాకు లోపం కాదు. ఒకే ఇల్లు, ముగ్గురు నటులు, చాలీచాలని వెలుతురుతో వెన్నులో వణుకు పుట్టించిన చిన్న సినిమాలను నేను ఇష్టంగా చూస్తాను, ఇకముందూ చూస్తాను. కాని ఇక్కడ ఎవరు ఏ గదిలో ఉన్నారో తెలియనంత చీకటి, సగం మాటలు వినపడనంత నాసిరకం రికార్డింగు ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలో మూడంటే మూడు చోట్ల, చెవులు చిల్లులు పడేంత శబ్దం హఠాత్తుగా వస్తుంది. మొదటిసారి హాలంతా ఉలిక్కిపడి కేకలు పెట్టింది, నేనూ పెట్టాను. రెండోసారి కేకల వెంటనే నవ్వులు వినిపించాయి. మూడోసారికి ముందే కొందరు లేచి వెళ్లిపోయారు, మిగిలినవారు ఉలిక్కిపడి, విసుక్కున్నారు. ఒక్క విషయం ఆలోచించండి. ఆ మూడు క్షణాల్లో మా హాలులో ఎవరైనా కెమెరా పెట్టి ఉంటే, టికెట్టు డబ్బులు దండగయ్యాయని తిట్టుకుంటూ ఇంటికి వెళ్లిన మా ముఖాలతోనే మరో ప్రచార వీడియో తయారయ్యేది.

ఉలికిపాటు వేరు, భయం వేరు. చెవి పక్కన హఠాత్తుగా పెద్ద శబ్దం అయితే రెప్ప పడుతుంది, మెడ, భుజాలు బిగుసుకుంటాయి. ఇది మన ఇష్టాయిష్టాలతో పనిలేని శరీర ప్రతిచర్య. శబ్దం వినపడిన తర్వాత సెకనులో ఇరవయ్యో వంతు గడిచే లోపే రెప్ప కదలడం మొదలవుతుంది, అంటే అది ఏ శబ్దమో, ఏ కథలోదో మెదడుకు అర్థం కాకముందే శరీరం తన పని తాను చేసేస్తుంది. గాలికి తలుపు దభాలున కొట్టుకున్నా మనిషి అలాగే ఎగిరి పడతాడు, అంతమాత్రాన ఆ తలుపు గొప్ప కళాఖండం కాదు. నిజమైన భయం నెమ్మదిగా పడుతుంది. అది పట్టినవాడు హాలులో కదలక మెదలక కూర్చుంటాడు, ఇంటికి వచ్చాక వెనక గదిలో దీపం ఆర్పడానికి వెనకాడతాడు. ఆ భయాన్ని చీకటి కెమెరా పట్టుకోలేదు. అందువల్ల ప్రచారానికి పనికివచ్చేది ఎప్పుడూ ఉలికిపాటే. దానిని చూసి మనం తెలుసుకోగలిగింది ఆ సినిమాలో పెద్ద శబ్దాలు ఉన్నాయన్న ఒక్క సంగతి మాత్రమే.

ప్రేక్షకుల భయాన్నే సరుకుగా చూపించి సినిమాను అమ్మడం పాత విద్య. అమెరికాలో విలియం కాజిల్ అనే దర్శక నిర్మాత 1958లో తన 'మకాబర్' సినిమా చూస్తూ భయంతో ఎవరైనా చనిపోతే వెయ్యి డాలర్లు చెల్లిస్తామని బీమా పత్రాలు పంచాడు. 1959లో 'హౌస్ ఆన్ హాంటెడ్ హిల్' అనే దెయ్యాల కొంప సినిమాకు, కొన్ని హాళ్లలో ప్రేక్షకుల తలల మీదుగా తీగపై ఒక అస్థిపంజరం బొమ్మను తిప్పించాడు. అయితే అది బాహాటంగా జరిగిన తమాషా, టికెట్టు కొన్నవారికి తాము ఏం కొంటున్నారో తెలుసు. ఇప్పటి వీడియోలకు ఒరవడి పెట్టింది 2009లో విడుదలైన 'పారానార్మల్ యాక్టివిటీ' ప్రచారం. ఓరెన్ పెలి తన సొంత ఇంట్లో, వారం రోజుల్లో, సుమారు 15,000 డాలర్ల ఖర్చుతో చిత్రీకరించిన ఆ సినిమాకు, ప్రత్యేక ప్రదర్శనలలో ప్రేక్షకులు భయపడుతున్న దృశ్యాలను చూపించి ప్రచారం చేశారు. అది ప్రపంచవ్యాప్తంగా 19 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అక్కడ వీడియో వెనక దానికి తగిన సినిమా కూడా ఉంది. తర్వాత వచ్చినవారికి ఆ వీడియోను అనుకరించడం తేలిక, ఆ సినిమాను అనుకరించడం కష్టం. ఫలితంగా మనకు ఎక్కువగా దొరుకుతున్నది మొదటిదే.

మైకు ముందు మాట్లాడిన ఆ నలుగురు అద్దెకు తెచ్చిన మనుషులని నేను అనడం లేదు, అలా అనడానికి నా దగ్గర ఆధారం లేదు. కాని అలాంటివి జరగవని ధీమాగా ఉండటానికీ వీల్లేదు. 'ది పేట్రియట్' సినిమా ప్రకటనలో సాధారణ ప్రేక్షకులుగా మాట్లాడినవారు తమ ఉద్యోగులేనని సోనీ సంస్థ 2001లో ఒప్పుకోవలసి వచ్చింది. ఆ నలుగురూ నిజమైన ప్రేక్షకులే అనుకున్నా, ఉచితంగా పిలిచిన ముందస్తు ప్రదర్శనలో, అర్ధరాత్రి వేళ, కిక్కిరిసిన హాలులో, ఉత్సాహంగా ఉన్న అభిమానుల మధ్య కూర్చున్న మనిషి అనుభవం, మర్నాడు మధ్యాహ్నం సగం ఖాళీ హాలులో డబ్బిచ్చి కూర్చున్న మన అనుభవంతో ఎలా సరిపోతుంది? కేక అంటుకుంటుంది. పక్కవాడు అరిస్తే మనమూ అరుస్తాం, పక్క కుర్చీ ఖాళీగా ఉంటే తెర మీద ఉన్నదానిని ఉన్నట్టుగా చూస్తాం.

ఇక నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన సంగతి మా తమ్ముడిది. సినిమా చాలా భాగం చేతిలో పట్టుకున్న కెమెరాతో, పరుగెత్తుతూ తీశారు. కళ్లు మనం కదులుతున్నామని చెబుతుంటే, లోపలి చెవి మనం కూర్చునే ఉన్నామని చెబుతుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరనప్పుడు తల తిరుగుతుంది, వాంతి వచ్చేలా ఉంటుంది. 1999లో 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' చూసిన వారిలో కూడా పలువురికి ఇదే ఇబ్బంది కలిగింది. దీనికి తోడు మా సినిమా చివర్లో, ఇల్లంతా దీపాలు టకటకా వెలిగి ఆరే దృశ్యం ఒకటి చాలాసేపు సాగింది. సెకనుకు మూడు సార్ల కన్నా ఎక్కువగా మెరిసే వెలుగు, కాంతి వల్ల మూర్ఛ వచ్చే లక్షణం ఉన్నవారికి ప్రమాదకరం కావచ్చు. మైగ్రేన్ ఉన్నవారిని కూడా అలాంటి మెరుపులు బాధిస్తాయి. మా తమ్ముడికి మైగ్రేన్ ఉంది. ప్రకటనలో గాని, టికెట్టు మీద గాని, హాలు తలుపు దగ్గర గాని, సినిమా మొదట్లో గాని ఒక్క హెచ్చరిక వాక్యం లేదు. వీడియోలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిన ఆయన భయపడి వెళ్లాడని కొనేటప్పుడు అనుకున్నాను. మా తమ్ముడిని సరిగ్గా అదే భంగిమలో పట్టుకుని బయటికి తీసుకువెళ్లిన తర్వాత, ఆయన ఎందుకు లేచి వెళ్లాడో అని ఆలోచిస్తూనే ఉన్నాను.

డబ్బు తిరిగి అడిగాను. ప్రదర్శన మొదలైన తర్వాత టికెట్టు డబ్బు వాపసు ఉండదని హాలు వారు మర్యాదగానే చెప్పారు. ప్రచారం చేసినవారికి ఉత్తరం రాస్తే, ప్రేక్షకుల స్పందన ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంటుందని రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆ మాట నిజమే కావచ్చు, కాని ఆ వీడియోలో ఒక్క విధమైన స్పందననే ఎంచి చూపించింది వారే కదా. వారం తిరిగేసరికి ఆ వీడియోను తీసేసి మరొకటి పెట్టారు. పాతదాని నకలు నేను దాచుకోలేదు. ఫిర్యాదు చేయవలసి వస్తుందని ఏమాత్రం అనిపించినా, ప్రకటనను, టికెట్టును, నిబంధనల పేజీని ముందే భద్రపరచుకోండి.

కొనేముందు ఏం చూడాలని అడిగితే, ముందుగా సినిమా దృశ్యాలు మాత్రమే ఉన్న ట్రైలరు కోసం వెతకండి. అది దొరక్కపోతే ఆగండి. మొదటి ఆట చూసి బయటికి వచ్చినవారి మాటల కన్నా, రెండు మూడు రోజులు గడిచాక డబ్బిచ్చి చూసినవారు తీరికగా రాసిన మాటలు చదవండి. భయపడ్డాను అన్నవారిని వదిలేసి, దేనికి భయపడ్డారో చెప్పగలిగినవారిని పట్టించుకోండి. ఇల్లు, అందులోని మనుషులు, అక్కడ జరిగిన విషయం వారికి గుర్తుంటే ఆ సినిమాలో ఏదో ఉందని అర్థం. రేటింగుల సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. అమెరికాలో సినిమాస్కోర్ అనే సంస్థ విడుదల రోజునే ప్రేక్షకుల చేత ఎ ప్లస్ నుంచి ఎఫ్ వరకు మార్కులు వేయిస్తుంది. దెయ్యాల సినిమాలకు అక్కడ సాధారణంగానే తక్కువ మార్కులు పడతాయి, కాబట్టి సి వచ్చినంత మాత్రాన సినిమా చెడ్డదనుకోకూడదు. 'బ్లెయిర్ విచ్'కు వచ్చింది సి ప్లస్ మాత్రమే. కాని 2012లో 'ది డెవిల్ ఇన్‌సైడ్' అనే చిన్న సినిమాకు ఎఫ్ వచ్చింది. మొదటి వారాంతంలో 3 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిన ఆ సినిమా వసూళ్లు, రెండో వారాంతంలో నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయాయి. ప్రచారాన్ని నమ్మినవారు మొదటి మూడు రోజుల్లోనే టికెట్లు కొనేశారు, చూసినవారి మాట ఆ తర్వాతే మిగతావారికి చేరింది. కొన్ని రోజులు ఆగమని నేను చెప్పడం అందుకే.

ఇంట్లో చూడటానికి అద్దెకు తీసుకునేవారు కూడా ఇవే సంగతులు చూసుకోవాలి. ప్లే నొక్కిన తర్వాత వాపసు అడగడం చాలా చోట్ల కుదరదు. ఫోను స్పీకరులో ఆ పెద్ద శబ్దాల ప్రభావం కూడా ఉండదు, అప్పుడు మిగిలేది చీకటి గదులు మాత్రమే.

ఇలాంటి సినిమాకు ఇప్పటికే టికెట్టు కొన్నవారు మీలో ఉంటే, ప్రదర్శన మొదలు కాకముందే రద్దు చేసుకునే వీలుందేమో ఇవాళే చూడండి. వీలు లేకపోతే, తల తిరిగే స్వభావం ఉన్నవారిని తెరకు వీలైనంత దూరంగా, వెనక వరుసలో, నడవ పక్కన కూర్చోబెట్టండి. మెరుపుల వల్ల మూర్ఛ వచ్చే లక్షణం ఉన్నవారిని మాత్రం తీసుకువెళ్లవద్దు. మెరుపుల దృశ్యం అనుకోకుండా ఎదురైతే రెండు కళ్లూ మూసుకోవడం చాలదు, వెలుగు రెప్పల గుండా లోపలికి వస్తుంది. ఒక కంటిని అరచేతితో పూర్తిగా కప్పి, తల పక్కకు తిప్పుకుని, పక్కవారి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేయండి.