సగం వాటానా, ఎనిమిది శాతం ఫీజా?

యానిమేషన్ స్టూడియో తన సినిమాను డిస్ట్రిబ్యూటర్ చేతిలో ఏ లెక్కన పెట్టాలి? హాలీవుడ్‌లో రెండు దారులూ నడిచాయి.

పిక్సార్ 1997లో డిస్నీతో ఐదు సినిమాలకు ఒప్పందం చేసుకుంది. ఖర్చు చెరి సగం, లాభం చెరి సగం. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ డిస్నీ ముందు తన పంపిణీ ఫీజు పట్టుకున్నాకే ఆ సగాలు. పైగా సీక్వెల్స్ లెక్కలోకి రావు: ‘టాయ్ స్టోరీ 2’ అంత బాగా ఆడినా ఆ ఐదింటిలో ఒకటి కాలేదు. పాత్రలను వాడుకోవడంలో పెత్తనమూ డిస్నీదే. 2004లో కొత్త ఒప్పందం చర్చలు చెడిపోయాయంటే ఆశ్చర్యమేముంది!

డ్రీమ్‌వర్క్స్ యానిమేషన్ పద్ధతి వేరు. 2012 దాకా దాని సినిమాలను పంపిణీ చేసిన పారామౌంట్‌కు 8 శాతం ఫీజు, ప్రచార ఖర్చు పోగా మిగిలింది తనదే. అయితే నిర్మాణ ఖర్చంతా తన నెత్తినే. ‘రైజ్ ఆఫ్ ది గార్డియన్స్’ దెబ్బకు 8.7 కోట్ల డాలర్లు నష్టం కింద రాసుకోవాల్సి వచ్చింది.

వరసగా హిట్లు కొట్టే స్టూడియోకి రెండోదే లాభం. చేతిలో డబ్బు లేని కొత్తవాళ్లకు నేనైతే మొదటిదే చెబుతాను. సీక్వెల్ క్లాజు మాత్రం లాయర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చదవాలి.