స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్లు: పెట్టె మీద రాసిన వాట్లు కాదు, బరువు చూడండి

అమెరికా నుంచో జపాన్ నుంచో తెచ్చుకున్న సామాను 230 వోల్టుల కరెంటు మీద నడపడానికి దొరికే స్టెప్‌డౌన్ (వోల్టేజీ దించే) పెట్టెలు మూడు రకాలు. అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ కన్వర్టరు, ఒకే వైండింగ్ (తీగ చుట్ట) ఉన్న ఆటో ట్రాన్స్‌ఫార్మరు, రెండు వైండింగ్‌లూ విడివిడిగా ఉన్న ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు. మూడింటి మీదా "230 నుంచి 110" అనే ఉంటుంది గానీ లోపల జరిగే పని ఒకటి కాదు.

కొనే ముందు సామాను వెనక అతికించిన రేటింగ్ ప్లేటు చదవండి. "ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే ట్రాన్స్‌ఫార్మరు అక్కర్లేదు, ప్లగ్గు అడాప్టరు చాలు. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే. "120 వోల్టులు, 60 హెర్ట్జ్" అని మాత్రమే ఉంటేనే మిగతా సంగతి.

చవకా తేలికా అని చాలామంది ముందు పట్టుకునేది కన్వర్టరునే. అరకిలో కూడా తూగని దాని మీద 1600 వాట్లని, 2000 వాట్లని రాసి ఉంటుంది. నిజానికి అది వోల్టేజీని దించదు, కరెంటు తరంగాన్ని ముక్కలుగా కోసి వదులుతుంది. సగటు లెక్కలో 120 వచ్చినా తరంగం శిఖరం 300 వోల్టుల దాకా పోతూనే ఉంటుంది. 120 వోల్టుల సామానులో రెక్టిఫయరు (ఏసీని డీసీగా మార్చే భాగం) తర్వాత ఉండే, చార్జిని నిలవచేసే కెపాసిటరు మీద 170 వోల్టులు పడాలి కాబట్టి అక్కడ సాధారణంగా 200 వోల్టులవి వేస్తారు. దాని మీద 300 పడితే పైమూత ఉబ్బి పగిలిపోతుంది. కాబట్టి ఇది ఎలక్ట్రానిక్ కంట్రోల్ లేని ఇస్త్రీపెట్టె లాంటి ఉత్త హీటర్లకే, అదీ కొద్ది నిమిషాలకే. ఆడియో, ప్రింటరు, డిజిటల్ రైస్ కుక్కర్ దీని దగ్గరికి తేకూడదు.

ఇళ్లలో వాడకానికి మా ఓటు ఆటో ట్రాన్స్‌ఫార్మరుకే. 230ని 115 చేసేటప్పుడు మొత్తం పవరులో సగమే కోరు (తీగ చుట్టిన ఇనుప దిమ్మ) మీదుగా వెళ్తుంది, అందుకే అదే సామర్థ్యం ఉన్న ఐసోలేషన్ రకంలో దాదాపు సగం బరువే ఉంటుంది. దీనికో లోపం ఉంది. రెండు వైపులకీ ఉమ్మడిగా ఉన్న చుట్టు తెగితే, దాదాపు 230 మొత్తం సామాను మీద పడుతుంది. సామాను ఖరీదైనదైతే, లేదా పాతకాలం యాంప్లిఫయరులా లోహపు ఛాసిస్ ఉన్నదైతే, బరువు భరించి ఐసోలేషన్ రకమే తీసుకోండి.

సైజు విషయంలోనే ఎక్కువగా దెబ్బ తింటారు. ప్లేటు మీద ఆంపియర్లుంటే వోల్టులతో గుణించండి: 120 వోల్టులు, 5 ఆంపియర్లంటే 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు). హీటరుకు దాని మీద పాతిక శాతం ఎక్కువ చాలు. మోటారు తిరగడం మొదలెట్టే క్షణంలో మామూలు కన్నా కొన్ని రెట్లు లాగుతుంది, కాబట్టి 500 వాట్ల మిక్సీకి 1500 వీఏ పెట్టాలి. పెట్టె మీద "కంటిన్యువస్" (ఆపకుండా నడపొచ్చు) అనే మాట లేకపోతే ఆ అంకెలో సగమే లెక్కలోకి తీసుకోండి.

జపాన్ సామాను వేరే లెక్క. అక్కడ 100 వోల్టులు. హీటరు వేడి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది కనుక, 100 వోల్టుల కుక్కర్‌ను 120 మీద పెడితే 44 శాతం ఎక్కువ పవరు లాగుతుంది. దీనికి 100 వోల్టుల అవుట్‌పుట్ ఉన్నదే అడిగి కొనాలి.

ఏ ట్రాన్స్‌ఫార్మరూ ఫ్రీక్వెన్సీని మార్చదు. 60 హెర్ట్జ్ సింక్రనస్ మోటారు (కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే తిరిగేది) ఉన్న గడియారం 50 హెర్ట్జ్ మీద గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది, రికార్డ్ ప్లేయరు పాట సాగదీస్తుంది. 60 హెర్ట్జ్‌కే చేసిన మైక్రోవేవ్‌లో లోపలి ట్రాన్స్‌ఫార్మరు శాచురేట్ అయి (కోరు ఇక అయస్కాంత శక్తిని పట్టలేక) వేడెక్కుతుంది. దాన్ని వదిలేయడమే మేలు.

ట్రాన్స్‌ఫార్మరు చేతికొచ్చాక మొదట దాని వెనకనున్న సెలెక్టర్ స్విచ్ చూడండి. 110 వైపు ఉండగా 230లో గుచ్చితే అవతల 110 సాకెట్లోంచి 230 వస్తుంది. తర్వాత లోడ్ లేకుండా మల్టీమీటరుతో కొలవండి. రాసినదానికన్నా నాలుగైదు వోల్టులు ఎక్కువ చూపితే కంగారు లేదు, లోడ్ పడగానే దిగుతుంది. ప్లగ్గు ఎర్త్ పిన్ నుంచి అవుట్‌పుట్ సాకెట్ ఎర్త్ దాకా కంటిన్యుటీ (తీగె తెగకుండా కలిసి ఉండటం) ఉందో లేదో బీప్ పెట్టి చూసుకోండి; చవక రకాల్లో ఆ తీగె అసలు కలపరు. అన్ని దేశాల ప్లగ్గులూ పట్టే సాకెట్ చూడ్డానికి సౌకర్యమే గానీ పిన్నులను గట్టిగా పట్టదు. 8 ఆంపియర్ల దగ్గర అక్కడే మాడిన వాసన మొదలవుతుంది. అమెరికన్ పిన్ సాకెట్ ఒక్కటే ఉన్నది, బయటి నుంచి మార్చుకోగల ఫ్యూజు ఉన్నది ఎంచుకోండి. గంటసేపు లోడ్ మీద నడిపాక పైన చేయి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే, ఐదు సెకన్లు కూడా చేయి ఆనించలేకపోతే సైజు చాలలేదన్నమాట.

1800 వాట్ల హెయిర్ డ్రయ్యరు కోసం మాత్రం ట్రాన్స్‌ఫార్మరు కొనొద్దు. దానికి 2500 వీఏ ట్రాన్స్‌ఫార్మరు కావాలి, 230 వోల్టుల కొత్త డ్రయ్యరు అంతకన్నా చాలా చవక.