హనుమకొండలో స్టాప్ మోషన్ శిక్షణ: నోరు బాగా నేర్పారు, మాట ఆలస్యంగా నేర్పారు

పరకాల దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో ఆరు, ఏడు తరగతులకు తెలుగు చెప్పే నాకు, క్లే బొమ్మల చేత మాట్లాడించి చిన్న చిన్న పాఠాలు తీయాలన్న కోరిక రెండేళ్లుగా ఉన్నది. ఫోన్‌లో స్టాప్ మోషన్ స్టూడియో యాప్ వేసుకొని, బొమ్మను కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కొక్క ఫొటో తీసి వరుసగా ఆడించే ఈ స్టాప్ మోషన్ పద్ధతిలో దానిని నడిపించడం వరకు సొంతంగా వచ్చింది గానీ, నోరు కదిలించిన ప్రతిసారీ అది మాట్లాడుతున్నట్టు కాక ఆకువక్క నములుతున్నట్టు కనిపించేది. అందుకే హనుమకొండలో ఒక మేడ మీద రెండు గదులలో నడుస్తున్న శిక్షణ కేంద్రంలో 4,500 రూపాయలు కట్టి, నాలుగు వారాలు శని, ఆదివారాలు లిప్ సింక్ (మాటకు తగినట్టు నోరు కదిలించడం), స్క్రిప్ట్ రచన తరగతులకు వెళ్లాను. చిన్న కేంద్రం, పైగా నాకు కొన్ని ఫిర్యాదులు ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు.

మొదటి రోజు కెమెరా ముట్టనివ్వలేదు. ముందు గొంతు రికార్డు చేయాలి, ఆ తరువాతే బొమ్మ అన్నారు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి. మేము ఒక్కొక్క భంగిమను రెండు ఫ్రేముల పాటు నిలుపుతాము కనుక సెకనుకు 12 ఫొటోలు తీస్తే సరిపోతుంది. రికార్డు చేసిన మాటను నెమ్మదిగా నడిపి వింటూ, ఏ ఫొటో దగ్గర ఏ ధ్వని పడుతున్నదో గళ్ల కాగితం మీద రాసుకోవాలి. దీనిని ఎక్స్ షీట్ అంటారు. రోజంతా కాగితం నింపడానికా డబ్బు కట్టింది అని మొదట విసుక్కున్న మాట నిజమే, కానీ మరునాడు బొమ్మ ముందు కూర్చున్నాక ఆ కాగితం లేకుండా చెయ్యి కదలలేదు.

శిక్షణలో అసలు విలువైన భాగం ఇక్కడే ఉన్నది. గోడకు అంటించిన నోళ్ల పటం ఇంగ్లిషు మాటల కోసం తయారైనది. అమెరికా యానిమేటర్ ప్రెస్టన్ బ్లెయిర్ పద్ధతిలో గీసిన పది ఆకారాలు. అందులో మ, బ, ప ధ్వనులకు కలిసి ఒకటే మూసిన నోరు, కింది పెదవి పై పళ్లకు తగిలేదానికి మరొకటి. తెలుగుకు వచ్చేసరికి ఆకారం కన్నా అది నిలిచే కాలమే ముఖ్యమని మాకు నేర్పే సార్ ఒక్క మాటతో చూపించారు. నా బొమ్మ పిల్లవాడు ‘అమ్మమ్మా, ఆకలైతాంది’ అనాలి. నేను మూసిన నోటిని ఒక్కొక్క ఫొటోకే పెట్టాను. నడిపి చూస్తే వాడు ‘అమమా’ అంటున్నాడు. మూసిన నోటిని రెండేసి ఫొటోలు నిలిపి, ధ్వని కన్నా ఒక ఫొటో ముందే మూయగానే ద్విత్వం కంటికి కనిపించింది. ‘ఆకలైతాంది’లో మాత్రం క, ల, త లకు నోరు మార్చనక్కరలేదు, అచ్చులు పట్టుకుంటే చాలు. ‘ప్రతి అక్షరానికీ నోరు మార్చకండి సార్, పెదవికి పని ఉన్నవే పట్టుకోండి’ అన్న ఆ మాట ఒక్కటే కట్టిన డబ్బులో సగానికి సరిపోతుంది.

తెలుగు పంతులును కాబట్టి నాకు ఇంకొన్ని తట్టాయి. కంప, కంచె అని రాసినప్పుడు రెండింటిలోనూ అదే సున్న, కానీ కంప అన్నప్పుడు పెదవులు కలుస్తాయి, కంచె అన్నప్పుడు కలవవు. రాతను చూసి ఎక్స్ షీట్ నింపితే అక్కడే తప్పుతుంది. పెదవులు కలవకుండా పద్యం చెప్పే నిరోష్ఠ్య రచన మన కావ్యాలలో ఒక విద్య. ‘ఏంది తాతా, నిద్దర రాలేదా’ వంటి మాట రాసుకుంటే మూసిన నోటి అవసరమే పడదు. సార్‌కు ఇది చెప్తే నవ్వి, తరువాతి బ్యాచ్‌కు అభ్యాసంగా ఇస్తానన్నారు.

ఇక గది సంగతి. కిటికీకి నల్లగుడ్డ సరిగా కట్టకపోవడం వల్ల మబ్బు వచ్చి పోయినప్పుడల్లా బొమ్మ ముఖం మీద వెలుగు మారి, నడిపి చూసినప్పుడు మినుకుమినుకుమన్నది. తెల్ల చొక్కా మీద నుంచి కూడా వెలుగు తిరిగి పడుతుందని మూడో రోజు చెప్పారు. అది చేరిన రోజే చెప్పవలసింది. ఫొటోలు తీసి వరుసగా నడిపి చూపే డ్రాగన్‌ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్ ఒక్క కంప్యూటర్‌లోనే ఉండడంతో తొమ్మిది మందిమి వంతులు వేసుకున్నాము. 2009లో వచ్చిన ‘కోరలైన్’ అనే స్టాప్ మోషన్ చిత్రానికి ముఖాలను త్రీడీ ప్రింటర్‌తో చేశారని చూపించి, మా చేతికి అట్టముక్కల నోళ్లు ఇచ్చారు. దానికి నాకు అభ్యంతరం లేదు, అట్ట నోళ్లే మా అందరికీ అందుబాటు.

నా పెద్ద ఫిర్యాదు స్క్రిప్ట్ గురించి. దానిని చివరి ఆదివారం రెండు గంటలకు కుదించారు, అందులో గంట సేపు సినిమా స్క్రిప్ట్‌లో సీను నంబరు, పగలు, రాత్రి ఎక్కడ రాయాలో చెప్పడానికే పోయింది. నేను తీసుకుపోయినది రెండున్నర పేజీలు. పేజీ ఒక నిమిషమని లెక్క వేస్తే 1,800 ఫొటోలు! ఈ లెక్క మొదటి రోజే చెప్పి ఉంటే ఆ పేజీలు నేను రాసేవాడినే కాదు. బొమ్మల సినిమాలో స్క్రిప్ట్ రాసేవాడు ప్రతి మాటకూ చేతి పనితో మూల్యం చెల్లిస్తాడు కాబట్టి, మాటల పొదుపు నేర్పిన తరువాతే నోరు నేర్పాలి. ఈ కేంద్రంలో వరుస తలకిందులైంది. అయినా ఆ రెండు గంటలలో పనికివచ్చినవి లేకపోలేదు. పొడుగు మాట వచ్చిన చోట మాట్లాడేవాడి వీపు చూపించి వినేవాడి కళ్లు ఆడించమన్నారు. పుస్తక భాష వదలమన్నారు. ‘ఎక్కడికి వెళ్తున్నావు’ ఎనిమిది అక్షరాలు, ‘ఏడికి పోతానవ్’ ఆరు అక్షరాలు, ఒక పొల్లు. అయితే మన అవ్వలు అచ్చుతో కాక పొల్లు వకారంతో ఆపుతారు కనుక చివర నోరు తెరిచి ఉంచితే కుదరదు, కింది పెదవి పళ్ల దాకా వచ్చి ఆగాలి. ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు, అద్దం ముందు నేనే పట్టుకున్నాను.

బొమ్మ చేయడం, ఫొటోలు తీయడం ఇప్పటికే వచ్చి, నోటి దగ్గర ఆగిపోయినవారు ఇటువంటి తరగతిలో నిస్సందేహంగా చేరవచ్చు. కథ రాయడం నేర్చుకుందామని వెళ్లేవారు మాత్రం స్క్రిప్ట్‌కు ఎన్ని గంటలు ఇస్తారో, అది ఏ వారంలో ఉంటుందో ముందే అడిగి, ఆ తరువాతే డబ్బు కట్టాలి.

నేను రెండున్నర పేజీలను 35 సెకన్లకు తగ్గించి, 420 ఫొటోలతో అవ్వా మనుమల సంభాషణ ఒకటి పూర్తి చేసి ఆరో తరగతిలో చూపించాను. పిల్లలు రెండోసారి వేయమన్నారు. రెండోసారి అయ్యాక ముందు బెంచీ అమ్మాయి లేచి, ‘సార్, అవ్వ బిడ్డా అన్నప్పుడు నోరు మూసుకోలే’ అన్నది. ఇంటికి వెళ్లి ఒక్కొక్కటిగా జరిపి చూస్తే, 212వ ఫొటోలో అవ్వ నోరు తెరిచే ఉన్నది.